జాంబవంతుని ప్రబోధము - అధ్యాపకునకు పెద్దల తోడు

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు త్రోవలో, మల్యాల మండలమున, గుండ్లును చెట్లును పెనగొన్న యొక గుట్ట కలదు. అదియే కొండగట్టు. హనుమంతుడు సంజీవనీ పర్వతమును కొనిపోవుచుండగా అందలి యొక తునుక విరిగిపడి యీ గుట్ట యయ్యెనని స్థలపురాణము. హనుమజ్జయంతికి దీక్షాపరులు వేలకొలదిగా నిచ్చటికి వత్తురు. గుట్టకు సమీపమున నున్న నాచుపల్లిలో 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పిరి. గుట్టమీద దైవమును, గుట్టక్రింద విద్యాలయమును ఒకే చూపులో కానవచ్చు చోటిది.

ఆ చోట నిలిచి చూచినపుడు మాకొక తలంపు కలిగినది. గుట్టమీది దైవము తన బలమును తానెరుగక సముద్రతీరమున నొకమూల మౌనముగా కూర్చుండిన దినమొకటి కలదు. ఆనాడు ఆతనిని లేపినవాడు జాంబవంతుడు. హనుమంతునకు ఊరూర గుడి కలదు. జాంబవంతుని తలచువారు అరుదు. మన యున్నత విద్యాసంస్థలలోను స్థితి యిట్లే యున్నది. లంఘించినవానిని సన్మానింతుము, లంఘింపుమని చెప్పిన వృద్ధుని పేరు సిద్ధాంతగ్రంథపు పీఠికలో నొక కృతజ్ఞతావాక్యముగా మిగిలిపోవును. క్రొత్తగా చేరిన యధ్యాపకునకు పెద్దల తోడు ఎట్లు లభింపవలెనన్న ప్రశ్నను, వాల్మీకి రామాయణమందలి యీ ఘట్టమును విమర్శించుట ద్వారా పరిశీలింపవలెనని మా సంకల్పము. ఇది యే యొక కళాశాలను ఉద్దేశించినది కాదు. మనమందరమును పాలుపంచుకొను లోపమును గూర్చినది.

ముందుగా మాటను నిర్ణయించుకొనవలెను. ఇటీవల విశ్వవిద్యాలయములలో 'మెంటర్' అను పదము విరివిగా వినబడుచున్నది. దానిని కొందరు 'గురువు' అని తెలుగు చేయుచున్నారు. అది సరికాదు. హనుమంతునకు గురువు సూర్యుడు. సూర్యునకభిముఖముగా నడచుచు ఆతడు వ్యాకరణము నేర్చెనని ఉత్తరకాండ చెప్పుచున్నది. కిష్కింధాకాండారంభమున ఆతని మాట తీరును వినిన రాముడు, వేదములును వ్యాకరణమును చక్కగా నభ్యసింపనివాడు ఇట్లు పలుకజాలడని లక్ష్మణునితో ననును. అనగా సముద్రతీరము చేరునాటికి హనుమంతుని చదువు ముగిసినది. క్రొత్త యధ్యాపకుని స్థితియు నిదియే. ఆతడు పట్టములు పొందినవాడు, సిద్ధాంతగ్రంథము వ్రాసినవాడు. ఆతనికి మరల గురువు నక్కర లేదు. జాంబవంతుడు హనుమంతునకు ఒక్క విద్యయు నేర్పలేదు. ఇరువురును సుగ్రీవుని కొలువులోనివారే. గురువు లేనిదానిని ఇచ్చును. జాంబవంతుడు ఉన్నదానిని ఎరుకపరచెను. అందుచే నిట్టివానిని 'ప్రబోధకుడు' అని పిలుచుట యుక్తమని మా యభిప్రాయము. ఈ భేదమును మరచుటచేతనే మన శాఖలలో పెద్దలు చిన్నవారిని జీవితాంతము శిష్యులుగానే చూచుచున్నారు. సహోద్యోగిగా చూచుట వారికి చేతగాకున్నది.

ఇక ఘట్టములోనికి పోవుదము. జాంబవంతుని ప్రసంగమును మాత్రము విడదీసి చదువుట మన పాఠకులకు వాడుక. కాని దాని ముందరి సర్గలతో కలిపి చదివిననే దాని విలువ తెలియును. సుగ్రీవుడు నాలుగు దిక్కులకును వానరులను పంపుచు నొక నెల గడువిడెను. గడువు మీరినవానికి వధ తప్పదనెను. దక్షిణదిశకు పోయినవారికి స్వయంప్రభ యున్న బిలములోనే గడువు కడచిపోయినది. వెలుపలికి వచ్చి యది యెరిగిన అంగదుడు ఏమి చేసెను? సీతను వెదకుటకు రెట్టించిన యుత్సాహముతో పూనుకొనెనా? లేదు. ప్రాయోపవేశమునకు నిశ్చయించెను. భయము పనిని పుట్టింపలేదు; నిరాశను పుట్టించెను.

ఇచ్చట వాల్మీకి మరియొక సూక్ష్మమును చూపెను. అంగదుని మనసు మార్చుటకు హనుమంతుడే మొదట ప్రయత్నించెను. వానరులలో భేదము కల్పించెను. నీ వెంటనున్నవారు ఆలుబిడ్డలను తలచుకొని నిన్ను విడిచిపోవుదురనెను. లక్ష్మణుని బాణములు ఈ బిలమును చీల్చివేయుననెను. వాక్కోవిదుడని రాముని మెప్పు పొందినవాని ప్రసంగమిది. ఫలితము? అంగదుడు సుగ్రీవుని నిందించి, దర్భలు పరచుకొని కూర్చుండెను. తక్కినవారును ఆతని వెంట కూర్చుండిరి. ఎంతటి నేర్పరి పలికినను, బెదిరింపు బెదిరింపే. కొలది సర్గల తరువాత జాంబవంతుడు పలికిన మాట వేరొక జాతికి చెందినది. ఒకే కవి, ఒకే సేన, ఒకే కష్టము, రెండు ప్రసంగములు. వాని ఫలితములు రెండును మన కన్నులయెదుటనే పెట్టబడినవి. ఈ పోలికను కవి యుద్దేశపూర్వకముగానే కూర్చెనని మేము తలంచుచున్నాము.

సంపాతివలన సీత యున్న చోటు తెలిసినది. ఎదుట నూరు యోజనముల సముద్రము. అంగదుడు ఎవరెంత దూరము లంఘింపగలరో చెప్పుడనెను. గజుడు 10 యోజనములనెను. గవాక్షుడు 20 అనెను. అట్లు పెరుగుచు సుషేణుడు 80 అనెను. అపుడు జాంబవంతుడు తన మాట చెప్పెను. త్రివిక్రముడు లోకములను కొలిచిననాడు తాను ఇరువదియొక్కమారు భూప్రదక్షిణము చేసినవాడు; నేడు ముదిమి పైబడినది; 90 యోజనములకు మించి పోజాలడు. నూరింటికి పది తక్కువ!

ఈ ఒప్పుకోలును పాఠకులు సాధారణముగా గడచిపోవుదురు. మా దృష్టిలో ఘట్టమంతటికిని కీలకమిదియే. పెద్దవాడు తన గతమును దాచలేదు, తన నేటి కొరతనును దాచలేదు. పదుగురి యెదుట తన కొలతను తానే చెప్పినవాని నోట 'నీవు పోగలవు' అను మాట వెలువడినపుడు దానికి బరువు కలిగెను. 90 యోజనములే పోగలవాడు నూటిని గూర్చి మాటలాడుట తగునా అని యెవరును శంకింపలేదు. మన శాఖలలో నట్లుండునా? ముప్పదియేండ్లు పాఠము చెప్పిన ఆచార్యుడు, 'ఈ శాసనభాషను నేను పూర్తిగా చదువజాలను, నీవు చదువగలవు' అని చిన్నవానితో ననుట ఎన్నిమారులు విన్నాము? తమ కొరతను చెప్పుకొన్న గౌరవము పోవునని పెద్దలకు భయము. వాల్మీకి చెప్పుచున్నది దానికి విపరీతము.

అంగదుని విషయమున జాంబవంతుడు చేసినదియు గమనింపదగినది. నూరు యోజనములు పోగలను, తిరిగి వచ్చుట సందేహమని అంగదుడనగా, నీవు పోగలవు, కాని నీవు స్వామివి, పంపవలసినవాడవుకాని పోవలసినవాడవుకావు అని వారించెను. ఒకనిని లేపుట యెట్టి పనియో, మరియొకనిని తగని పనినుండి ఆపుటయు నట్టి పనియే. చేరిన మొదటి సంవత్సరముననే పరీక్షల నిర్వహణయు, వసతిగృహపు పర్యవేక్షణయు, సభల యేర్పాటును మీదవేసికొను యువకుని 'ఇది నీ పని కాదు' అని యాపు పెద్ద ఒకడు కావలెను.

అంతట జాంబవంతుడు హనుమంతునివైపు తిరిగెను. ఆతడేల మౌనముగా నుండెను? తన బలము తనకు తెలియకుండుటకు మునుల శాపము కారణమని పురాణశ్రవణములో చెప్పుదురు. బాల్యమున ఆశ్రమములలో నల్లరి చేసినందున, పరులు గుర్తుచేయువరకు నీ బలము నీకు తెలియకుండుగాక యని మునులు శపించిరి. కాని యీ కథ ఉత్తరకాండలోనిది. కిష్కింధాకాండలో శాపప్రసక్తి లేదు. ఈ ఘట్టమును దానిని బట్టియే చదివినచో హనుమంతుని మౌనమునకు కారణము చెప్పబడలేదు. అది మరింత మనుష్యసహజముగా నున్నది. పెద్దలందరును తమ తమ కొలతలు చెప్పుచుండగా చిన్నవాడు తనంతట తాను 'నేను' అని లేవడు. సభలో వెనుక వరుసలో కూర్చుండు క్రొత్త యధ్యాపకుని మౌనమును అసమర్థతగా నెంచువారు ఈ సర్గను మరల చదువవలెను. శాపకథను కలుపుకొని చదివినను నొక యర్థము స్ఫురించును: అల్లరిని మాన్పుటకు పెద్దలు విధించిన కాఠిన్యమే బలమును మరపించినది. పరిశోధనకాలమున పొందిన యవమానములచే తన మాటమీద తనకే నమ్మకము కోల్పోయి యుద్యోగమున చేరువారు మనలో లేరా? శపించినది పెద్దలే, గుర్తుచేయవలసినదియు పెద్దలే.

జాంబవంతుని ప్రసంగమున పొగడ్త కలదు, కాని యది విశేషణముల పొగడ్త కాదు. నీవు వీరుడవు, శాస్త్రవేత్తలలో శ్రేష్ఠుడవని రెండు మాటలని, వెంటనే చరిత్రలోనికి దిగెను. అంజన యెవరు, కేసరి యెవరు, వాయువు వరమేమి, బాలుడవై ఉదయసూర్యుని పండని తలచి 300 యోజనములు ఎగసిన దెట్లు, ఇంద్రుని వజ్రము తాకి యెడమ దవడ విరిగి హనుమంతుడను పేరు వచ్చిన దెట్లు. ఇవన్నియు జరిగిన పనులు. 300 ఎగసినవానికి 100 అనగా నెంత? ఈ లెక్కను జాంబవంతుడు నోటితో చెప్పడు, విన్నవానికే విడిచిపెట్టును. అందునను ఆతడు చెప్పినది జయగాథ మాత్రమే కాదు. దెబ్బతిన్న దినమును చెప్పెను, ఆ దెబ్బయే పేరైనదనెను. చిన్నవాని పూర్వపు పనిని ఇంత వివరముగా నెరిగియుండుట ప్రబోధకుని మొదటి యర్హత. తోటి యధ్యాపకుని సిద్ధాంతగ్రంథమును తెరచి చూడకయే 'బాగుగా కృషి చేయుడు' అని దీవించుట ప్రబోధము కాదు, అది మర్యాద.

ప్రసంగము ముగిసినంత ప్రబోధకుని పని ముగియలేదు. హనుమంతుడు బయలుదేరునపుడు, నీవు తిరిగివచ్చువరకు మేమొంటికాలిపై నిలిచియుందుము, మా ప్రాణములు నీమీదనే యున్నవి అని జాంబవంతుడనెను. పంపినవాడు తానును కొంత కష్టము పైన వేసికొనెను. తిరిగివచ్చు గర్జనను విని, ఈతడు కార్యము సాధించెనని ముందుగా గ్రహించి చెప్పినవాడును ఆతడే. హనుమంతుడు పెద్దలకు మ్రొక్కిన పిమ్మట, జరిగినదంతయు చెప్పుమని యడిగి, రాముని సన్నిధిని చెప్పవలసినదేదో, దాచుకొనవలసినదేదో తెలిసికొందమనెను. వినుటకు కూర్చుండెను, దీర్ఘమైన యా కథను కడవరకు వినెను. అంగదుడు మనమే లంకను గెలిచి సీతను గొనిపోవుదమనగా, మనకప్పగించిన పని వెదకుట మాత్రమేయని నిలువరించెను. పంపుట, నిలిచియుండుట, వినుట, హద్దు చెప్పుట: ప్రబోధము ఈ నాలుగింటి సముదాయము. మనము మొదటిదానిని మాత్రము ఉపన్యాసరూపమున చేసి తృప్తిపడుచున్నాము.

కొండగట్టు స్థలపురాణమునకు మూలమైన ఘట్టమునను వెనుకనున్నవాడు జాంబవంతుడే యనుట యిచ్చట స్మరింపదగును. యుద్ధకాండలో ఇంద్రజిత్తుని బ్రహ్మాస్త్రముచే సేనయంతయు కూలినపుడు, కనులు తెరువలేక పడియున్న జాంబవంతుడు విభీషణుని మొదట అడిగినది, హనుమంతుడు బ్రతికియున్నాడా యని. రాముని గూర్చి యడుగవేమని విభీషణుడు విస్మితుడు కాగా, ఆతడు బ్రతికియున్న చచ్చిన సేనయు బ్రతికినట్లే యనెను. పిదప ఓషధిపర్వతమెచ్చట నున్నదో, మృతసంజీవని మొదలుగా నాలుగు ఓషధులేవియో చెప్పి పంపెను. కొండను మోసినది హనుమంతుడు. త్రోవ చెప్పినది కనులు తెరువలేని వృద్ధుడు. కొండగట్టున మనము చూచుచున్నది మోసినవాని బలము. త్రోవ చెప్పిన మాటకు గుర్తు మిగులలేదు.

ఇక వర్తమానమును చూతము. అధ్యాపకుల శిక్షణకు మన దేశమున వ్యవస్థలు లేకపోలేదు. 1986 జాతీయ విద్యావిధానము పిమ్మట విశ్వవిద్యాలయ నిధుల సంఘము అకడమిక్ స్టాఫ్ కళాశాలలను స్థాపించినది. అవి తరువాత మానవ వనరుల వికాస కేంద్రములైనవి; 2023లో మాలవీయ మిషన్ పేర నూతన రూపము పొందినవి. వానివలన ప్రయోజనము లేదనము. కాని అవి పలువురిని ఒకచోట చేర్చి కొలది దినములు పాఠము చెప్పి పంపునవి. అచ్చట ప్రసంగించినవాడు, విన్నవాడు తిరిగివచ్చువరకు ఒంటికాలిపై నిలువడు. 2020 జాతీయ విద్యావిధానము ప్రబోధకుల కొరకొక జాతీయ మిషన్‌ను స్థాపింపవలెననియు, ప్రతిభావంతులైన పెద్దలను, పదవీవిరమణ చేసినవారిని, భారతీయ భాషలలో బోధింపగలవారిని అందు చేర్చవలెననియు ప్రతిపాదించినది. తెలుగు శాఖలకిది మంచి యవకాశము. ఐనను ఒక శాఖలో పెద్దకును చిన్నకును నడుమ లేని మాటను దూరపు పట్టిక యొకటి కల్పింపజాలదు.

మరియొకవైపు గడువులును అంకెలును పెరిగినవి. 2010 నిబంధనలు అధ్యాపకుని పనిని మార్కులుగా లెక్కించు పద్ధతిని తెచ్చినవి. 2018 నిబంధనలు దానిని కొంత సులభము చేసినవి. లెక్క యుండరాదని మేమనము. సుగ్రీవుడు గడువు విధించుట రాజధర్మమే. కాని సుగ్రీవుడును జాంబవంతుడును ఒకరు కారు. గడువు పెట్టి శిక్షించు అధికారము గలవాడు తీరమున లేడు. తీరమున నున్నవానికి శిక్షించు అధికారము లేదు. కావుననే జాంబవంతుని మాట వినబడెను. తన పదోన్నతిని నిర్ణయించు సంఘములోనున్న పెద్దయెదుట ఏ యువకుడు తన తడబాటును విప్పి చెప్పుకొనును? తీర్పరియు ప్రబోధకుడును వేరు వేరుగా నుండవలెననుట ఈ ఘట్టమునుండి మేము గ్రహించిన ముఖ్యమైన నియమము.

దీనిననుసరించి కొన్ని సూచనలు చేయుచున్నాము. క్రొత్తగా చేరిన ప్రతి యధ్యాపకునకును, ఆతనిని గూర్చి తీర్పు చెప్పు బాధ్యత లేని పెద్ద నొకనిని తోడుగా నేర్పరుపవలెను. ఆ పెద్ద మొదట చిన్నవాని రచనలను చదువవలెను. తన తరగతిలోనికి చిన్నవానిని పిలిచి తన బోధనలోని కొరతలను ముందుగా తానే చూపవలెను. ఆ పిమ్మటనే చిన్నవాని తరగతికి పోవలెను. చిన్నవాడు క్షేత్రపరిశోధనకో, తాళపత్రములను చూచుటకో పోయినపుడు ఆతని పాఠములను తాను చెప్పవలెను. మన కాలమున ఒంటికాలిపై నిలుచుట యనగా నిదియే. తిరిగివచ్చిన పిమ్మట కూర్చుండి వినవలెను. ఈ కాలమంతయు పెద్ద పనిగంటలలో లెక్కకు రావలెను. లెక్కకు రాని పని సత్పురుషులమీద మాత్రమే పడి, వారు అలసినంతనే ఆగిపోవును. ఒప్పందపద్ధతిపై పనిచేయువారికిని ఈ తోడు సమానముగా నుండవలెను. రాబోవు సంవత్సరము తిరిగివచ్చునో రాడో తెలియనివాని కొరకు ఎవరును నిలిచియుండరు. ఆ యనిశ్చితి తొలగనిది యెంత ప్రబోధమైనను సగమే.

ఇచ్చట రెండాక్షేపములు రాగలవు. అందరును హనుమంతులు కారు గదా యనునది మొదటిది. నిజమే. గజుడు 10 యోజనములనెను. ఆ మాట విని యెవరును నవ్వినట్లు వాల్మీకి వ్రాయలేదు. ఆతని కొలతనును పేరుతో నమోదు చేసెను. కాని గజునితో జాంబవంతుడేమనెనో కావ్యము చెప్పదు. కావ్యమునకు నూరు యోజనముల వాడే కావలెను. విద్యాలయమునకు పది యోజనముల వాడును కావలెను. ఇచ్చట మన నమూనాకు హద్దు కలదని యొప్పుకొందుము. పదిని పదునైదు చేయు మాటను మనమే కనిపెట్టుకొనవలెను.

పెద్దల చేతికి చిన్నవారి నప్పగించిన దోపిడి జరుగునని రెండవ యాక్షేపము. ఇదియు తేలికగా త్రోసివేయదగినది కాదు. నేర్పకయే బొటనవ్రేలిని దక్షిణగా గొన్న ద్రోణుని కథ మన సంప్రదాయములోనిదే. చిన్నవాని పరిశోధనపై తన పేరు చేర్చుకొను పెద్దలు లేరనలేము. కాని జాంబవంతుడు హనుమంతునినుండి యేమియు కోరలేదని గుర్తింపవలెను. సాధించినవాడు హనుమంతుడేయని ప్రకటించినవాడు జాంబవంతుడే. దక్షిణ లేని సంబంధమిది. కనుకనే దీనిని గురుత్వమునుండి వేరుచేసి చూపితిమి.

రామాయణ కల్పవృక్షమును వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణగారు 1959నుండి 1961వరకు కరీంనగరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిరి. కొండగట్టు అచ్చటికి దూరము కాదు. తనవంటి శిష్యుడు కలుగుట తన గురువైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికే దక్కిన భోగమని చెప్పుకొన్న కవి యాయన. దానిని గర్వోక్తిగా కొందరు చదివిరి. మాకది మరియొక విధముగా తోచుచున్నది: చిన్నవాని వృద్ధియే పెద్దవాని భోగమను మాట యందు కలదు. ఆ భోగమును కోరు పెద్దలు మన శాఖలలో నెందరు?

కొండగట్టుకు పోయినవారు స్వామికి ప్రదక్షిణము చేయుదురు. మరునాడు తమ శాఖకు తిరిగివచ్చినపుడు, సభలో వెనుకవరుసను చూడుడని పెద్దలకు మా మనవి. అచ్చట మౌనముగా నొకడు కూర్చుండి యుండును. ఆతడు వ్రాసినదానిని చదివి, పోయి పలుకరింపుడు.